సగటు లెక్కన వండితే చాలదు

ఒక ప్రాథమిక పాఠశాలలో నూరు మంది పిల్లలున్నారనుకుందాం. రోజుకు సగటున ఎనభై మంది వస్తారు. ఎనభై మందికి మధ్యాహ్న భోజనం వండితే సరిపోతుందా? ఇంటర్ రెండో ఏడాది గణితంలో చెప్పే ద్విపద విభాజనంతో లెక్క కడితే నూటికి 46 రోజులు అంతకంటే ఎక్కువ మందే వస్తారని తేలుతుంది. ఎనభై ఆరు మందికి వండితే తక్కువ పడే రోజులు ఐదుకు దిగుతాయి. తలకు 100 గ్రాముల చొప్పున దానికయ్యేది మరో 600 గ్రాముల బియ్యం!

ఈ లెక్కలో ప్రతి పిల్లవాడి రాక వేరేవాళ్లతో సంబంధం లేనిది. గోదావరి ఒడ్డునున్న మంథనిలో అలా ఉండదు. పత్తి ఏరే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనుకు పోతే అన్నాచెల్లెళ్లు కలిసే బడి మానేస్తారు. వాన ముసురు పట్టినా అంతే. గుడ్డు పెట్టే రోజు తినేవాళ్లు పెరుగుతారు. కాబట్టి అసలు హెచ్చుతగ్గులు పుస్తకం చెప్పినదానికంటే పెద్దవి. ఏడాదంతటినీ ఒకే సగటు కింద కలిపేయడం తప్పు.

గుడి అన్నదానానికి హాజరుపట్టీ కూడా ఉండదు. రోజుకు సగటున 200 మంది ఎవరికి వారు వచ్చేచోట పాయిజాన్ విభాజనం పనికొస్తుంది. పదింట తొమ్మిది రోజులు అందరికీ అందాలంటే 218 మందికి వండాలి. మంథని గౌతమేశ్వరాలయం దగ్గర స్నానాలకు జనం వచ్చే కార్తీక సోమవారాలకు మాత్రం వేరే లెక్క కట్టాలి.

నూటికి ఎన్ని రోజులు అందరికీ అందాలి, తొంభయ్యా, తొంభై ఐదా అన్నది గణితం తేల్చదు. బ్యాంకు ఎంత నగదు నిల్వ ఉంచాలన్న ప్రశ్నకు 1888లోనే ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ ఇలాంటి లెక్కే కట్టాడు. ఆ సంఖ్య తేల్చుకోవాలంటే తక్కువ పడితే కలిగే నష్టాన్ని మిగిలితే కలిగే నష్టంతో పోల్చాలి. ఒకరు పస్తుండటం ఒక పళ్లెం మిగలడానికి తొమ్మిది రెట్ల నష్టమనుకుంటే తొంభై శాతం దగ్గర ఆగాలి. బడి పిల్లల విషయంలో తొమ్మిది రెట్లు చాలా తక్కువని నా అభిప్రాయం. వండిన భోజనం పిల్లలకు పెట్టి తీరాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28నే ఆదేశించింది.

బియ్యం హాజరు తీశాకే తూస్తారు, నిజమే. కూరగాయలు, గుడ్లు మాత్రం ముందే తెచ్చుకోవాలి. బిల్లు తిన్నవాళ్ల లెక్కన వస్తుంది కాబట్టి మిగిలినదాని ఖర్చు వండిన మహిళల మీద పడుతుంది. ఈ భారం వాళ్లు మోయకూడదు. ఒప్పుకున్న శాతం వరకు వండినదానికి సర్కారే చెల్లించాలి.

ఇంకో చిక్కుంది. అన్నం అయిపోయిన రోజు రిజిస్టరులో పడేది తిన్నవాళ్ల సంఖ్యే. తిరిగి వెళ్లినవాళ్లు ఎక్కడా కనిపించరు. ఆ అంకెలతో అంచనా వేస్తే మరుసటి ఏడూ తక్కువే వండుతాం. అందుకే ఎన్ని పళ్లేలు మిగిలాయి, అన్నం ఎన్ని గంటలకు అయిపోయింది అని రోజూ రాయాలి. సెంటినరీ కాలనీలో ఉన్న మంథని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు ఆ పుస్తకాల నుంచి వారాల వారీగా, కాలాల వారీగా విభాజనాలు గీసి వంటవాళ్ల చేతికి ఇవ్వగలరు.