జీతం సరే, లెక్క నేర్పేదెవరు?

డిగ్రీ, ఇంజనీరింగ్ ఫలితాలు వెలువడగానే ఆమదాలవలస స్టేషనులో ఏటా ఒకే దృశ్యం. చేతిలో కొత్త సూట్‌కేసు, సంచిలో ఆవకాయ సీసా, చుట్టూ నలుగురు బంధువులు. ఉద్యోగానికి హైదరాబాదు బయలుదేరిన కుర్రవానికి తండ్రి జాగ్రత్తలు చెబుతాడు, తల్లి కన్నీరు తుడుచుకుంటుంది. వచ్చే జీతంతో నెల ఎలా గడుపుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. శ్రీకాకుళం జిల్లా యువతీ యువకుల్లో పలువురు అప్పులపాలు కావడానికి ఈ లోపమే మూలం.

ఉద్యోగపు కాగితంలో ఏడాదికి 3,09,600 రూపాయలని రాసి ఉందనుకుంటే, నెలకు పాతిక వేల పైమాటేనని ఊరంతా లెక్క కడుతుంది. అందులో యజమాని ప్రావిడెంట్ ఫండుకు కట్టే 1,800 రూపాయలు కూడా కలిసి ఉన్న సంగతి గమనించరు. మూలవేతనం 15 వేలైతే 12 శాతం చొప్పున ఉద్యోగి వాటాగా మరో 1,800, వృత్తి పన్ను కింద 200 కోత పడతాయి. చివరకు చేతికందేది 22 వేలు.

భోజనంతో కూడిన హాస్టలుకు 8 వేలు, రాకపోకలకు 1,500, ఫోనుకు 400, టీ ఫలహారాలకు, ఆదివారం భోజనానికి 2 వేలు, సబ్బులు, మందులు, బట్టలకు 1,600 వేసుకుంటే 13,500 ఖర్చు. ఇంటికి 5 వేలు పంపితే మిగిలేది 3,500. పొదుపు అంతా అందులోనే. పండక్కి ఊరు రావాలన్నా, జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్లాలన్నా అదే దిక్కు.

కుర్రకారు దుబారా చేస్తున్నారని పెద్దలు నిందించడం పరిపాటి. అది సగం నిజమే. చిక్కు మాత్రం దుబారాకు ముందే మొదలవుతుంది. చేరిన తేదీని బట్టి మొదటి జీతం అందడానికి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. ఈలోగా హాస్టలు అడ్వాన్సు కట్టాలి, పరుపు, బకెట్టు, బూట్లు కొనాలి. లక్షలు పోసి చదివించిన ఇంటిని మళ్లీ డబ్బు అడగడానికి బిడ్డకు అభిమానం అడ్డు వస్తుంది. అడగలేక సెల్‌ఫోనులో దొరికే అప్పుకు చేయి చాస్తాడు.

పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే గుండె గుభేలుమంటుంది. క్రెడిట్ కార్డు బాకీలో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే చాలా బ్యాంకులు వేసేది నెలకు మూడు, మూడున్నర రూపాయల వడ్డీయే. ఏడాదికి ఇది నూటికి 42 రూపాయల దాకా పోతుంది. పేరు మారింది కనుక భయం పోయింది. ఇక అప్పుల యాప్‌ల సంగతి సరేసరి. వాటి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకోగా, 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు బిగించింది. అయినా అవసరంలో ఉన్నవాడు నిబంధనలు చదవడు.

ఇందుకు మందు ఇంట్లోనే ఉంది. డ్వాక్రా సంఘంలో చేరి, పొదుపు పుస్తకం చూసుకుంటూ, వాయిదా తప్పకుండా అప్పు తీర్చిన తల్లులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. వారు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న లెక్క పట్టా పొందిన బిడ్డకు అందకపోవడం శోచనీయం. రైలెక్కించే ముందు కుటుంబమంతా కూర్చుని కాగితం మీద నెల ఖర్చు రాయాలి. రెండు నెలల ఖర్చు చేతికివ్వాలి. మొదటి మూడు నెలలు ఇంటికేమీ పంపనక్కరలేదని నోరు విప్పి చెప్పాలి.

కళాశాలల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పేవారు జీతం కాగితం ఎలా చదవాలో ఒక పూట నేర్పలేరా? జిల్లా లీడ్ బ్యాంకు అధికారులు ఆర్థిక అక్షరాస్యత శిబిరాలను చివరి సంవత్సరం తరగతి గదుల దాకా తీసుకురావాలి.

చాలడం లేదు నాన్నా అని బిడ్డ చెప్పగలిగిన ఇంటికి అప్పులవాడి ఫోను రాదు. ఆ మాట చెప్పుకునే చనువు ఇవ్వడం పెద్దల చేతుల్లోనే ఉంది.