డీజిలు ఫిల్టరూ, మన చేతికంటని మురికీ

నాదో పాత డీజిలు కారు, 2013 మోడలు. వారంటీ ఎప్పుడో గంగలో కలిసింది. ఏ కంపెనీదో చెప్పను. నా గొడవ కంపెనీతో కాదు, మనతోనే.

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక పికప్ పోయింది. ఎంత తొక్కినా అరవై దాటదు. కాసేపటికి బండే ఆగిపోయింది. రాత్రి తొమ్మిది, వెనక సీట్లో డెబ్భయ్యేళ్ళ నాన్న, పక్కనుంచి లారీలు. వచ్చిన మెకానిక్కు ఫిల్టరు అడుగున మర వదులు చేసి అరగ్లాసు నీళ్ళు తీశాడు. "గిది మార్చి ఎన్నేండ్లయింది సార్?" అన్నాడు. పోయినేడే మార్పించానని గట్టిగానే చెప్పాను. అతను గుడ్డతో తుడిచి టార్చి వేశాడు. డబ్బా మీద తయారీ సంవత్సరం 2016! ఫిల్టరు మార్చినట్టు నా దగ్గర మూడు బిల్లులున్నాయి: 2019, 2022, 2024. మూడింటి కిందా సంతకం నాదే.

వాళ్ళు దొంగలే, కాదనను. మరి మనమో? నాలుగు లైన్ల కోడు మారిస్తే ఇద్దరు రివ్యూ చెయ్యందే ముందుకు కదలనివ్వం. సర్వీసు సెంటర్లో మాత్రం ఏసీ గదిలో కాఫీ తాగుతాం, 'పాత పార్టు చూపించు బాబూ' అనడానికి నోరు రాదు. అడిగితే చీప్‌గా చూస్తారని భయం. అసలు ఆ ఫిల్టరు ఎక్కడుంటుందో తెలిస్తే కదా అడగడానికి!

డీజిలు ఇంజన్లో ఇంజెక్టర్లకీ, హై ప్రెషరు పంపుకీ కందెన కూడా డీజిలే. అందులో నీళ్ళూ మట్టీ చేరితే ముందు అరిగేవి అవే. అవి పోతే పదివేలతో తేలే బేరం కాదు. ఇంతా చేసి ఫిల్టరు ఖరీదు నాకు ఎనిమిదొందల యాభై.

ఇంటికొచ్చాక నేనే మార్చాను. ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ తీసి, ఏ గొట్టం ఎక్కడుందో ఫోటో తీసుకుని, విప్పేముందే చుట్టూ దుమ్ము తుడిచాను. ఓ-రింగుకి డీజిలు చుక్క రాసి బిగించాను. కొత్త ఫిల్టర్లో డబ్బాలోని డీజిలు పొయ్యలేదు. వడకట్టని చుక్క అవతలి వైపుకి దాటితే ఈ తతంగమంతా దండగ.

సెల్ఫు కొడితే స్టార్టవదు! చెమటలు పట్టాయి. కుర్చీలో కూర్చున్న నాన్న "ఒరేయ్, గాలి పట్టిందిరా, పంపు కొట్టు" అన్నారు. మా పొలంలో ఆయిల్ ఇంజనుకి ముప్పయ్యేళ్ళు ఆయనే గాలి తీశారు, పదో తరగతి కూడా పాసవలేదు. ఫిల్టరు తల మీది చేతి పంపు గట్టిపడేదాకా నొక్కాను. రెండో సెల్ఫుకి అందుకుంది. లీకు లేదని చూసుకుని చేతులు కడుక్కున్నాను. మొత్తం గంటా పది నిమిషాలు.

పక్క ఫ్లాటాయన, ఆయనా మన ఫీల్డే, "మనిషిని పిలిస్తే రాడా అండీ?" అన్నాడు జాలిగా. మన గంట ఖరీదు ఎంతో లెక్క కట్టి కూడా చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం ఆ గంటకి మనకెవడు డబ్బులిస్తున్నాడు స్వామీ? గ్రీజు అంటే పని మనది కాదు, ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు అనుకోవడమే అసలు జబ్బు. ఆ జబ్బుకి కులం వాసన కూడా ఉంది, ముక్కు మూసుకున్నా లాభం లేదు.

అలాగని అన్నిట్లో చెయ్యి పెట్టమనడం లేదు. హై ప్రెషరు పంపు దాటాక ఉండే ఉక్కు గొట్టాల జోలికి పోవద్దు. కామన్ రైలు ఇంజన్లో అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, మన టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అక్కణ్ణుంచి చిమ్మిన డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వారంటీ ఉన్నవాళ్ళు సర్వీసు సెంటర్లోనే చేయించుకోండి, కానీ కాఫీ మానేసి బండి దగ్గర నిలబడండి.

పాత ఫిల్టరు పారెయ్యలేదు. డీజిలు వార్చి కవర్లో కట్టి ఉంచాను. శనివారం మూడు బిల్లులతో సహా పట్టుకెళ్తున్నాను. నాన్న కూడా వస్తానంటున్నారు.