గృహిణుల పుట : మూగవోయిన కంప్యూటరు

గడచిన మాసమున మేము స్వకార్యముపై సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకుఁ బోవలసి వచ్చినది. మూఁడూళ్లలోను మూఁడిండ్లలో నొక్కటే మొఱ వింటిమి: “కంప్యూటరు పనిచేయుచున్నది గాని, శబ్దము లేదు.” 2020వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన మన తెలంగాణమున బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠములు మొదలైనవి. ఆ రోజులలోఁ బిల్లలు వాడిన పాత డెస్క్‌టాపు నేఁడనేక గృహములలో నిల్లాలి వాడుకకు వచ్చినది. అది మూగవోయినచో, “పాతది గదా, పాఱవేయుఁ”డని యొకరందురు. “బోర్డు మార్చవలె”నని దుకాణమువారందురు. మేము చూచిన మూఁడింటిలో నొక్కదానికైనను బోర్డు మార్చవలసిన యవసరము లేకపోయెను. కావున నా సంగతి నీ మాసము మీకు విన్నవించెదము.

మొదట సౌండు కార్డన నేమో తెలిసికొందము. కంప్యూటరులోని పాటయు మాటయు నంకెల రూపమున నుండును. ఆ యంకెలను స్పీకరునకుఁ దగిన విద్యుత్తుగా మార్చునదే సౌండు కార్డు. సింగపూరునకుఁ జెందిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టరను కార్డును వెలువరించెను. నాఁడు దానిని వేఱుగాఁ గొని యమర్చుకొనవలసి యుండెను. తరువాతి కాలమున నా పనిచేయు చిన్న చిప్పును మదర్ బోర్డు మీఁదనే పొదుగుచు వచ్చిరి. మన యిండ్లలోని యంత్రములలోఁ బెక్కింట రియల్‌టెక్ చిప్పులే యుండును. ఇఁక డ్రైవరనఁగా విండోసునకును ఆ చిప్పునకును నడుమ నుండు దుబాసి. ఒకరి భాష యొకరికిఁ దెలియని చోట దుబాసి లేకున్నను, వేఱు భాష వచ్చిన దుబాసి దొరకినను, పని సాగదు గదా!

సూర్యాపేటలోని పెద్దామె కుమారుఁడు అమెరికాలో నున్నాఁడు. ప్రతి యాదివారమును కంప్యూటరులో నతని ముఖము చూచి మాటాడుట యామెకుఁ బెన్నిధి. మూఁడు వారములుగా ముఖము కనఁబడుచున్నది, మాట వినఁబడుట లేదు. విచారింపఁగా నింటికిఁ గ్రొత్త మానిటరు వచ్చినదని తెలిసినది. హెచ్‌డీఎంఐ తీఁగ చిత్రముతోఁబాటు శబ్దమును గూడఁ గొనిపోవును. స్పీకర్లు లేని యా మానిటరునకే విండోసు శబ్దమును బంపుచుండెను! తెరపైఁ గుడిమూల క్రింద నున్న స్పీకరు బొమ్మను నొక్కి, జాబితాలో మానిటరునకు బదులు స్పీకర్లను ఎన్నుకొనఁగానే కుమారుని గొంతు వినఁబడినది. కావున డ్రైవరును నిందించుటకు ముందు మూఁడు చూడుఁడు: స్పీకర్లకు కరెంటున్నదా? వాని తీఁగ వెనుకనున్న పచ్చ రంధ్రముననే యున్నదా? (గులాబిరంగుది మైకునకు.) శబ్దము పోవు మార్గము సరియైనదేనా?

కోదాడలోని సోదరి యుపాధ్యాయ పరీక్షకుఁ జదువుచున్నది. వంట ముగిసి యత్తమామలు నిద్రించిన పిదప రాత్రివేళఁ బాఠములు వినుట యామె నియమము. విండోసును మరల వేయించిన నాఁటినుండి శబ్దము పోయినది. దుకాణమువారు నాలుగువేల రూపాయలకుఁ గ్రొత్త బోర్డు వేయుదుమనిరి. ఆమె చేత నున్నది పుస్తకములకై కూడఁబెట్టిన సొమ్ము మాత్రమే. పరీక్షకు నిరువది దినములే యున్నవి.

అచట మేము చేసిన పని క్రమముగాఁ జెప్పెదము. విండోసు గుఱుతున్న మీటను, ఎక్స్ మీటను గలిపి నొక్కఁగా వచ్చిన పట్టికలో డివైస్ మేనేజరును తెఱచితిమి. (విండోస్ 7లో నైనచో కంప్యూటరు బొమ్మపైఁ గుడి మీట నొక్కి ‘మేనేజ్’ అనుదానిని ఎన్నుకొనవలెను.) సౌండు వరుసలోఁ బసుపుపచ్చని గుఱుతు కానవచ్చినది. అనఁగా దుబాసితోఁ జిక్కు. అచట నల్లని బాణము క్రిందికిఁ జూచుచుండినచో, భాగమును నిలిపి వేసిరని యర్థము. దానిని ‘ఎనేబుల్’ చేసినఁ జాలును. పిదప ‘ప్రాపర్టీసు’లోని ‘డీటెయిల్సు’న హార్డ్‌వేర్ ఐడీని చదివితిమి. ‘వెన్’ ప్రక్క 10ఈసీ యున్నచో నది రియల్‌టెక్. ‘డెవ్’ ప్రక్క 0662 యున్నచో ఏఎల్‌సీ 662 అను చిప్పు. దుకాణమువారు వేఱొక బోర్డు సీడీతో నెక్కించిన డ్రైవరే యీ చిక్కునకు మూలము. దానిని ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయుచు, డ్రైవరును గూడఁ దొలఁగింపుమను గడిలో గుఱుతు పెట్టి, యంత్రము నాఁపి మరల నడిపితిమి.

అంతటఁ బెక్కుమార్లు విండోసు తనంతఁ దానే ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ అను సామాన్య డ్రైవరును బెట్టుకొనును. దానితోనే శబ్దము వచ్చినచో నిఁకఁ గదపవలదు. ఇచట నది చాలలేదు. బోర్డుపై నచ్చువేసిన పేరు చూచి, యా బోర్డు చేసినవారి సైటు నుండియే 64 బిట్టుల డ్రైవరును దెచ్చితిమి. 64 బిట్టుల విండోసునకు 32 బిట్టుల డ్రైవరు పనికిరాదు. యంత్రము మరల నడువఁగానే శబ్దము వచ్చినది. ఇట్టి మార్పులకు ముందు ‘రిస్టోర్ పాయింటు’ నొకటి యేర్పఱచుకొనుట మేలు. పని చెడినను వెనుకటి స్థితికి రావచ్చును.

మిర్యాలగూడలోని సోదరి కథ చెప్పుటకే మాకుఁ గష్టముగా నున్నది. ఆమె డ్రైవరు కొఱకు వెదకఁగా, “మీ యంత్రము చెడినది, వెంటనే ఫోను చేయుఁ”డను ప్రకటన యొకటి తెరపైఁ గనఁబడెను. ఆమె ఫోను చేసెను. అవతలివాఁడు చెప్పినట్లు యంత్రమును వాని యధీనమున నుంచెను. బ్యాంకునుండి సొమ్ము పోయెను. ఇంట నెవరికిఁ జెప్పినను నిందింతురని భయపడి యామె నాలుగు దినములు నోరు మెదపలేదు. సోదరీమణులారా, మోసము చేసినవానిది తప్పు గాని, మోసపోయిన యామెది కాదు. అట్టిది జరిగినచో సిగ్గుపడక యా క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయుఁడు, బ్యాంకునకుఁ దెలుపుఁడు. ఆలస్యమైన కొలఁది సొమ్ము చేతికందని దూరము పోవును. ఇంటి పెద్దలకును మా మనవి యొకటి: ఇల్లాలు వచ్చి చెప్పిన నాఁడు మొదటిమాట నిందగా నుండరాదు. ఆమె నాలుగు దినముల మౌనమునకు వానిపై భయము కాదు, మనపై భయమే కారణము.

ఆమె యంత్రమునకుఁ బట్టిన రోగము మిగులఁ జిన్నది. పిల్లవాఁడెవఁడో బయాసులో బోర్డుమీఁది ఆడియోను నిలిపివేసి యుండెను. యంత్రము మేలుకొనునపుడు డిలీట్ మీటనో, ఎఫ్2 మీటనో నొక్కి లోనికిఁ బోయి దానిని మరల నెలకొల్పితిమి. నిలిపివేసిన భాగము డివైస్ మేనేజరులోఁ గానరాదు. అందుచేతనే యామె యెంత వెదకినను ఫలము లేకపోయెను.

ఇన్నియుఁ జేసినను శబ్దము రానిచో చిప్పే చెడియుండవచ్చును. అప్పుడును బోర్డు మార్ప నక్కఱలేదు. కొలఁది వందల రూపాయలకు దొరకు యూఎస్‌బీ సౌండు కార్డును గ్రుచ్చినఁ జాలును. సాధారణముగా వేఱు డ్రైవరుతోఁ బనియుండదు. మఱొక్క జాగ్రత్త: విండోస్ 7నకు 2020 జనవరి 14న, విండోస్ 10నకు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సామాన్య సంరక్షణ ముగిసినది. అట్టి యంత్రములఁ బాఠములు వినుఁడు, పాటలు వినుఁడు. బ్యాంకు పనులు మాత్రము వానిపై వలదు.

కోదాడ సోదరి మొన్న మాకు జాబు వ్రాసినది. “అక్కా, పుస్తకములు కొంటిని. రాత్రులు పాఠములు వినుచున్నాను. ఎదురింటి వదినెగారి యంత్రమును నేనే బాగుచేసితిని” అని. ఈ మాసమునకు మా కింతకంటె సంతోషవార్త వేఱొకటి లేదు.