ఈ ఇష్టం ఎక్కడిది?

పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు. 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయి బ్యాడ్మింటన్ రాకెట్ పట్టింది. మనిషిని ఫలానా ఆటవైపో, ఫలానా పాటవైపో లాగేది స్వభావమా, పరిసరాలా అన్న వాదనలో ఇరుపక్షాలవారూ ఈమెనే చూపించవచ్చు. ఇల్లే నిర్ణయించేదైతే వాలీబాల్ ఆడాలి కదా అని ఒకరంటారు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచేనాటికి సింధు అయిదారేళ్ల పిల్ల, హైదరాబాద్‌లో పెరుగుతూ ఆ గాలి సోకకుండా ఎలా ఉంటుందని ఇంకొకరు.

పరిసరాల పక్షానికి బలమైన సాక్ష్యం హైదరాబాదే. 1950లలో అది ఫుట్‌బాల్ ఊరు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు పేరు దేశమంతా మోగింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. తర్వాతి తరాలు క్రికెట్ బ్యాటు పట్టాయి, ఆపైన బ్యాడ్మింటన్ అకాడమీల ముందు బారులు తీరాయి. ఈ మధ్యలో ఆ ఊళ్లో పుట్టే పిల్లల స్వభావాలేమీ మారిపోలేదు. మారినవి మైదానాలు, గురువులు, టీవీలో కనబడే ఆట.

సంగీతం సంగతీ అంతే. చెవికి ఇంపైన స్వరమేళనం మనిషికి పుట్టుకతోనే నచ్చుతుందని చాలామంది అనుకుంటారు. బొలీవియాలో అమెజాన్ ప్రాంతపు చిమానే తెగవారికి అలాంటి మేళనాన్నీ, పొసగని మేళనాన్నీ వినిపిస్తే రెండూ ఒకేలా బాగున్నాయన్నారు. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. అంటే మన చెవిని చాలావరకు తయారుచేసేది మనం విన్నదే.

అలాగని స్వభావాన్ని కొట్టిపారేయలేం. తిరునాళ్లలో పద్య నాటకం చూడండి. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం చివరి పాదం పట్టుకుని రాగం తీస్తుంటాడు, హార్మోనియం ఆయన వెనకే పరుగెడుతుంటుంది. ముందు వరసలో ఒకాయన ఊపిరి బిగబట్టి, రాగం దిగీ దిగగానే 'వన్స్ మోర్' అని కేకేస్తాడు. అదే ఇంట్లో అదే రేడియో విని పెరిగిన ఆయన తమ్ముడు మాత్రం 'ఇంతకీ యుద్ధం ఎప్పుడయ్యా' అని విసుక్కుంటాడు. ఇద్దరికీ పెంపకం ఒకటే, ఓపికలే వేరు. పాటలోని దిగులునూ, హుషారునూ సరిగ్గానే గుర్తుపట్టినా ఏ సంగీతమూ ఆనందాన్నివ్వని ఆరోగ్యవంతులు కొందరున్నారని 2014లో బార్సిలోనా పరిశోధకులు చూపించారు. డబ్బు గెలిచినప్పుడు వాళ్లూ అందరిలాగే సంతోషించారు. వాళ్లకు చిన్నప్పటినుంచి ఎన్ని కచేరీలు వినిపించినా లాభం ఉండేదా అన్నది అనుమానమే.

రెండు పక్షాలూ నిజానికి వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయనిపిస్తుంది. తోడి రాగం మీదో, టెస్టు క్రికెట్ మీదో మోజుతో ఎవరూ పుట్టరు. పుట్టుకతో వచ్చేది నిదానంగా సాగేదాన్ని ఆస్వాదించే గుణమో, ఉత్కంఠ కోసం తహతహో, గుంపులో కలిసిపోవాలన్న కోరికో. దానికి ఒక ఆటనో, ఒక రాగాన్నో జతచేసేది చుట్టూ ఉన్న లోకం. గంటసేపు రాగం తానం పల్లవి వినగలిగినవారికి అయిదు రోజుల టెస్టూ విసుగనిపించకపోవచ్చు. 'యుద్ధం ఎప్పుడు' అన్న తమ్ముడికి టీ20 చాలు.

ఈ లెక్కన పెద్ద వాటా పరిసరాలకే ఇవ్వాలి. ఎదురుపడని కళను ఎంతటి స్వభావమైనా వెతికి పట్టుకోలేదు. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారు లాగేసుకునే బడిలో చదివే పిల్లాడి గురించి 'మావాడికి ఆటలంటే ఇష్టం లేదండీ' అనడంలో అర్థం లేదు. అయితే గుంటూరులోనైనా, డాలస్‌లోనైనా ప్రతి ఆదివారం వర్ణాల క్లాసుకు ముఖం వేలాడేసుకుని వెళ్లే పిల్ల కూడా మనకేదో చెబుతూనే ఉంది. ఎన్ని చూపించాలన్నది పెద్దల చేతిలో పని. వాటిలో ఏది తనదో పిల్లలకే తెలుస్తుంది. ఏడాది ఫీజు కట్టేశాం కదా అని కూర్చోబెడితే ఉన్న కాస్త ఇష్టమూ పోతుంది.