నీళ్ల బెలూన్ వెనక వేగం

హోలీ రోజున హైదరాబాద్‌లో కారు తీసేవాళ్లు ముందుగా అద్దాలు ఎక్కించుకుంటారు. రంగు సీట్ల మీద పడకూడదన్నదే వాళ్ల జాగ్రత్త. మేడ మీద నుంచో సందు మొదట్లో నుంచో వచ్చి తగిలే నీళ్ల బెలూన్‌తో అంతకు మించిన నష్టం ఉండదని మనలో చాలామంది నమ్మకం. పల్చటి రబ్బరు, లోపల పావు లీటరు నీళ్లు. ఇటు చూస్తే టన్ను బరువున్న బండి. ఆగి ఉన్న కారు విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిజమే. పరుగెత్తే కారు విషయంలో మాత్రం తప్పు, అదీ ప్రమాదకరమైన తప్పు.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. పావు లీటరు నీళ్లున్న బెలూన్ బరువు పావుకిలో. ఓ పదిహేనేళ్ల కుర్రాడు ఒడుపుగా విసిరితే అది సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ఆగి ఉన్న కారుకు తగిలితే అది మోసుకొచ్చే శక్తి 28 జౌళ్లు. రంగు మరక తప్ప ఏమీ మిగలదు. అదే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తుంటే రెండు వేగాలూ కలిసి 114 అవుతాయి. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి ఈ దెబ్బ 125 జౌళ్లకు చేరుతుంది. ఫాస్ట్ బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతిలో ఉండేది దాదాపు ఇంతే శక్తి.

అయితే బంతి గట్టిది, దాని దెబ్బంతా చిన్న చోట పడుతుంది. బెలూన్ చిట్లుతుంది, నీళ్లు నలువైపులా చెదిరిపోతాయి. అందుకే రెండింటి నష్టమూ ఒకటి కాదు. కానీ ఆ చెదరడానికి పట్టే సమయం సెకనులో 400వ వంతు మాత్రమే. అంత తక్కువ వ్యవధిలోనే నీళ్ల దూకుడంతా ఆగాలి. ఆ క్షణంలో తగిలిన చోట పడే సగటు బలం 300 కిలోల బరువు మోపినంత. బానెట్, డోర్ల రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. సొట్ట పడటానికి ఆ బలం చాలు. సైడ్ మిర్రర్ విరగొచ్చు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, కొత్తదైతే సాధారణంగా తట్టుకుంటుంది. లారీ చక్రాల కింద నుంచి ఎగిరిన కంకర రాయి ఎప్పుడో చేసిన చిన్న పగులు దానిలో ఉంటే మాత్రం తట్టుకోదు, ఆ పగులు పాకుతుంది. మార్చి ఎండకు కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పడటం కూడా దానికి తోడవుతుంది.

ఇందులో గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ 125 జౌళ్లలో విసిరినవాడి చేతి నుంచి వచ్చింది 28. మిగతాదంతా కారు వేగం కలిపింది. తన చేతికి తెలిసిన బలమే అవతల తగులుతుందని పిల్లవాడు అనుకుంటాడు. వాడు అబద్ధమాడటం లేదు, వాడికి నిజంగానే తెలియదు. మేడ మీద నుంచి వేసేవాడి సంగతీ అంతే. పది మీటర్ల ఎత్తు నుంచి ఊరికే వదిలేసినా బెలూన్ కిందికి చేరేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అందుకే ‘నేను మెల్లగానే వేశాను’ అన్న మాటను ఒప్పుకోవడానికి లేదు.

సొట్టకు టింకరింగ్, పెయింటింగ్ చేయించుకోవచ్చు. ఓన్ డ్యామేజ్ పాలసీ ఉంటే బీమా కూడా వస్తుంది. క్లెయిమ్ చేస్తే ఏటేటా 20 నుంచి 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ పోతుందని, చిన్న సొట్టలకు చాలామంది చేతి డబ్బే పెట్టుకుంటారు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ ఎంపిక కూడా లేదు. ఇదంతా డబ్బుతో పోయే సంగతి. నాకు భయం కలిగించేది స్టీరింగ్ పట్టుకున్న మనిషి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనున్నరలో 25 మీటర్లు సాగుతుంది. ఢామ్మని మోతతో ముందు అద్దం మొత్తం ఎర్రగానో ఆకుపచ్చగానో మారిపోతే, ఏం జరిగిందో అర్థమై వైపర్ వేయడానికి ఆ సెకనున్నర చాలదు. ఈలోగా కాలు బ్రేక్ మీద పడుతుంది, చేయి స్టీరింగ్‌ను పక్కకు లాగుతుంది. పక్కన స్కూటర్ ఉండొచ్చు, వెనక బస్సు ఉండొచ్చు.

కారుకైనా రేకు, గాజు అడ్డం ఉన్నాయి. బైక్ మీద వెళ్లేవాడికి ఏవీ లేవు. 28 జౌళ్ల దెబ్బను ముఖం మీద ఊహించండి, తర్వాత 125 ఊహించండి. బెలూన్లను విసిరే పెద్ద ఉండేలు లాంటి సాధనాలతో కళ్లకు తగిలిన తీవ్ర గాయాల మీద 1997లోనే ‘ఆఫ్తాల్మాలజీ’ అనే అమెరికా నేత్రవైద్య పత్రికలో అధ్యయనం వెలువడింది. అక్కడ వేగం సాధనం నుంచి వచ్చింది, ఇక్కడ బండి నుంచి వస్తుంది. కంటికి ఆ తేడా తెలియదు.

రైళ్ల విషయంలో మన చట్టం ఈ సంగతిని ఏనాడో గుర్తించింది. 1989 నాటి రైల్వే చట్టంలోని 152వ సెక్షన్ కట్టె, రాయి అని ఆగలేదు, ‘మరే వస్తువైనా’ అంటుంది. ప్రయాణికుల భద్రతకు ముప్పని తెలిసి రైలు మీదికి ఏది విసిరినా యావజ్జీవం దాకా శిక్ష ఉంది. విసిరింది మెత్తనిదా గట్టిదా అని ఆ సెక్షన్ అడగదు. ముంబయిలో లోకల్ రైళ్ల తలుపుల దగ్గర నిలబడినవాళ్లు హోలీకి నీళ్లు నింపిన బెలూన్లు, ప్లాస్టిక్ కవర్ల దెబ్బలు తిన్నారు. అందుకే రైల్వే పోలీసులు పట్టాల పక్క బస్తీలకు వెళ్లి పండుగకు ముందే హెచ్చరిస్తుంటారు.

రోడ్డు మీద అలాంటి సెక్షన్ లేదు. మోటారు వాహనాల చట్టం బండి నడిపేవాడి తప్పులను వరుసగా చెబుతుంది గానీ, కదిలే బండి మీదికి వస్తువు విసిరేవాణ్ని విడిగా పట్టించుకోదు. భారతీయ న్యాయ సంహితలో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి 125వ సెక్షన్, ఆస్తి నష్టానికి 324వ సెక్షన్ ఉన్నాయి. మొదటి దాని కింద ఎవరికీ గాయం కాకపోతే శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్ పోలీసులు హోలీకి ముందు ఇచ్చే ఉత్తర్వులలో ఇష్టం లేనివారి మీద, వాహనాల మీద రంగులు, రంగు నీళ్లు చల్లకూడదని చెబుతారు. ఆ మాట మంచిదే. కానీ అది రెండు మూడు రోజులు ఉండే ఉత్తర్వు. రైలు ప్రయాణికుడికి ఉన్న రక్షణ బస్సులో, ఆటోలో, బైక్ మీద వెళ్లేవాడికి ఎందుకు ఉండకూడదు? మోటారు వాహనాల చట్టాన్ని ఈసారి సవరించినప్పుడు ఆ లోటు పూడ్చాలి.

పిల్లల్ని జైలుకు పంపమని నా మాట కాదు. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదని చట్టమే చెబుతోంది, ఆపై వయసు పిల్లలకు బాలల న్యాయ చట్టం ఉంది. ఆ బెలూన్ల ప్యాకెట్లు కొనిచ్చేది మనం, మేడ మీద కుళాయి విప్పుకోనిచ్చేది మనం. బండి తమ వైపు రాగానే కేరింతలు కొడుతుంటే కింద నిలబడి చూస్తూ ముచ్చటపడేదీ మనమే. ఆడే పిల్లలు ఒకరికొకరు ఎదురెదురుగా నిలబడి, ఇద్దరికీ ఇష్టమై కొట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. గేటు లోపల, పార్కులో, ఆటస్థలంలో తడిసి ముద్దవ్వనివ్వండి. అపార్ట్‌మెంట్ సంఘాల వారికి ఒక విన్నపం: వచ్చే హోలీ ముందు రోజు రాత్రే రోడ్డు వైపున్న మేడ తలుపుకు తాళం వేయండి, వాచ్‌మన్‌కు తాళంచెవి ఇవ్వకండి.