మృగాలకై నాటిన పైరు: ‘బలి’ శబ్దానికి మూడు అర్థాలు

భాద్రపద బహుళపక్షంలో మనం పితృదేవతలను స్మరించి కాకికి అన్నం పెడతాం. ఇంచుమించు ఆ దినాల్లోనే ఉత్తర అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో భూయజమానులు అడవి అంచున చిన్నచిన్న మడులు దున్ని విత్తనాలు చల్లుతారు. ఆ పంట మనుష్యుని కోసం కాదు. దానికి కోత లేదు, నూర్పిడి లేదు, గాదెకు చేరే గింజ ఒక్కటీ లేదు. తెల్లతోక జింకకూ, అడవి టర్కీ కోడికీ, కుందేలుకూ ఉద్దేశించిన పైరు అది. అక్కడివారు దానిని ‘ఫుడ్ ప్లాట్’ అంటారు. ఈ మాట వినగానే భూతయజ్ఞం ఖండాంతరంలోనూ సాగుతోందని హృదయం ఆనందిస్తుంది. కానీ ఆ మడి అంచున, కొమ్మల చాటున, తరచుగా ఒక మంచె ఉంటుంది. మంచె మీద వేటగాడు కూర్చుని ఉంటాడు.

టెక్సస్, జార్జియా వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారిలో కొందరు నగరానికి దూరంగా కొన్ని ఎకరాల భూమిని కొంటున్నారు. ఆ భూమిలోకి జింకలు వస్తాయి. పొరుగువారు పైరు వేయమంటారు, వేటగాళ్లు లీజు అడుగుతారు, ఇంట్లోని పిల్లలు లేళ్లకు మొక్కజొన్న పోద్దామంటారు. శాకాహార నియమంతో, నిత్యపూజతో జీవించే గృహస్థుకు ఇది సంకటమే. మృగాలకై పైరు వేయడం పుణ్యమా, పాపమా?

నా అభిప్రాయం ఇది. పైరులో పుణ్యమూ లేదు, పాపమూ లేదు. పుణ్యపాపాలు మొదట సంకల్పాన్ని ఆశ్రయించి ఉంటాయి. అయితే సంకల్పశుద్ధి ఒక్కటే చాలదు. వివేకం లేని కరుణ కూడా ప్రాణిని చంపగలదు. ఈ రెండు విషయాలనూ క్రమంగా విచారిద్దాం.

ముందుగా ఆ సేద్యం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఉత్తర రాష్ట్రాల్లో ఆగస్టు చివరి నుండి, దక్షిణ రాష్ట్రాల్లో సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో విత్తుతారు. మట్టిని పరీక్షించి, ఆమ్లగుణం అధికంగా ఉంటే సున్నం కలుపుతారు. గోధుమ, ఓట్స్, రై వంటి ధాన్యాలు త్వరగా మొలిచి లేత పచ్చికను ఇస్తాయి. క్లోవర్, శీతకాలపు బఠాణీ మాంసకృత్తులను అందిస్తూ భూమికి నత్రజనిని చేరుస్తాయి. టర్నిప్, ముల్లంగి ఆకుల్లో మంచు కురిసిన తరువాత చక్కెర పెరుగుతుంది. అందుకే అంతవరకు వాటిని అంతగా పట్టించుకోని జింకలు కూడా చలి ముదిరాక వాటిని వెదుక్కుంటూ వస్తాయి. ఇందులో ఎంతో శాస్త్రం ఉంది, శ్రమ ఉంది. ఏ సంకల్పంతో వేసినా విత్తనం అదే, వాన అదే, ఆకలితో వచ్చే లేడి అదే.

ఇక ‘బలి’ శబ్దాన్ని పరిశీలిద్దాం. దీనికి సంస్కృతంలో ముఖ్యంగా మూడు అర్థాలు ఉన్నాయి. భూతాలకు అర్పించే అన్నం బలి. రాజుకు చెల్లించే పన్ను బలి. యజ్ఞంలో వధింపబడే ప్రాణి కూడా బలియే. ఈ మూడు అర్థాలూ ఒకే మడిలో నిలిచి ఉండటం విచిత్రం.

మొదటి అర్థం మన గృహస్థధర్మానికి పునాది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదింటి వద్ద గృహస్థు తెలియకుండానే ప్రాణిహింస చేస్తాడని, వీటిని పంచసూనలంటారని మనుస్మృతి చెబుతుంది. ఆ దోషపరిహారానికే పంచమహాయజ్ఞాలు విధింపబడ్డాయి. వాటిలో భూతయజ్ఞం ఒకటి. కుక్కకు, కాకికి, చీమకు భూమిపై అన్నం ఉంచి గృహస్థు తాను భుజించాలి. ఇక్కడ భావం గమనించండి. మనం ఆ ప్రాణులకు ఉపకారం చేస్తున్నామని కాదు, వాటికి ఋణపడి ఉన్నామని. మన గోదావరి, కృష్ణా మండలాల్లో కోతల కాలంలో వరికంకులను కుచ్చుగా అల్లి ఇంటి చూరుకో ఆలయ మంటపానికో వేలాడదీసే ఆచారం ఉంది. పిచ్చుకలు వచ్చి తింటాయి. ఆ కుచ్చు పక్కన వల ఉండదు. వల లేకపోవడమే దానిని యజ్ఞం చేస్తోంది.

మంచె ఉన్న మడిలో మూడవ అర్థం ప్రవేశిస్తుంది. అక్కడ భూతానికి బలి ఇవ్వడం లేదు, భూతమే బలి అవుతోంది. వేసిన పైరు దానం కాదు, ఎర. సీతాదేవిని మోహింపజేయడానికి మారీచుడు బంగారులేడి రూపం ధరించాడు. అక్కడ మృగం మనుష్యులకు ఎర అయింది. ఇక్కడ పచ్చని ఆకు మృగానికి ఎర అవుతోంది. రెండింటిలోనూ ఉన్నది మాయయే.

ఇక్కడ పూర్వపక్షాన్ని న్యాయంగా వినాలి. వేటగాడు ఇలా అంటాడు: ‘ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి తెల్లతోక జింకల సంఖ్య ఈ దేశంలో సుమారు 5 లక్షలకు పడిపోయిందని అంచనా. చట్టాలు వచ్చాయి. మేము చెల్లించిన రుసుములతో సంరక్షణ జరిగింది. నేడు వాటి సంఖ్య దాదాపు 3 కోట్లు. తోడేళ్లను, కూగర్‌లను మా పూర్వులు అధిక ప్రాంతాల్లో నిర్మూలించారు. ఇప్పుడు జింకను అదుపులో ఉంచేది ఎవరు? అవి మితిమీరితే అడవిలో లేతమొక్క ఒక్కటీ మిగలదు. పైగా మా మడి శీతకాలమంతా ఎన్నో ప్రాణులను పోషిస్తుంది. మేము చంపేది ఒకటో రెండో. నీవు తినే అన్నం కోసం నాగలి కింద ఎన్ని ప్రాణులు చనిపోలేదు?’

ఈ మాటలను తేలికగా కొట్టివేయరాదు. యౌవనంలో తోడేళ్లను కాల్చిన అటవీ అధికారి ఆల్డో లియోపోల్డ్, తోడేలు లేని కొండను జింకలే బోడిగా మారుస్తాయని అనంతరకాలంలో గ్రహించి వ్రాశాడు. 1949లో ప్రచురితమైన ఆయన గ్రంథం నేటికీ పఠింపబడుతోంది. నాగలి కింద ప్రాణులు చనిపోతాయన్న మాటనైతే మన మహాభారతమే చెప్పింది. వనపర్వంలో మిథిలానగరపు ధర్మవ్యాధుడు కౌశికునికి ఇదే బోధించాడు. మాంసం అమ్మే ఆ మహనీయుని ముందు వేదాధ్యయనపరుడైన బ్రాహ్మణుడు చేతులు కట్టుకుని నిలిచాడు. కనుక వేటగాడిని చూసి ముఖం చిట్లించే అధికారం మనకు లేదు.

అయినా సిద్ధాంతం వేరు. జింకలు మితిమీరాయన్నది నిజమైతే వాటికి మరింత ఆహారం పండించడం ఆ వాదానికే విరుద్ధం. పోషణ పెరిగితే పిల్లలు ఎక్కువగా బ్రతుకుతాయి, సంఖ్య ఇంకా పెరుగుతుంది. అనేక మడుల వెనుక ఉన్న అసలు కోరిక అడవి రక్షణ కాదు, గోడకు తగిలించుకోదగిన పెద్ద కొమ్ముల మగజింక. ఈ కోరికను మన శాస్త్రకారులు బాగా ఎరుగుదురు. మనువు, కౌటిల్యుడు ఇద్దరూ మృగయను కామజవ్యసనాలలో చేర్చారు. రాజులకు వేట అనుమతింపబడిన కాలంలోనే అది వ్యసనమని హెచ్చరించారు. మృగరూపంలో ఉన్న కిందమమహర్షిని బాణంతో కొట్టిన పాండురాజు వేట రాజధర్మమని వాదించాడు. ఆ వాదం ఆయనను శాపం నుండి కాపాడలేదు. వేట తప్పని మహర్షి అనలేదు. ఆ ప్రాణి నమ్మకంతో, నిశ్చింతగా, తన సహచరితో సంగమించి ఉన్న క్షణంలో కొట్టడమే అధర్మమన్నాడు. నెలల తరబడి మన పొలంలో మేసి, ఈ చోట భయం లేదని నేర్చుకున్న లేడిని అదే మడిలో కాల్చడం ఈ కోవలోనిదే. ఆకలితో వేటాడేవాడి పాపం కంటే అన్నం పెట్టి చంపేవాడి పాపం బరువైనది. మొదటిది హింస మాత్రమే, రెండవది హింసతో కూడిన విశ్వాసఘాతం.

రెండవ అర్థమైన పన్ను సంగతి చూద్దాం. టెక్సస్ రాష్ట్రంలో 1995లో జరిగిన రాజ్యాంగ సవరణ వలన, అదివరకే వ్యవసాయభూమిగా గుర్తింపు పొందిన నేలలో వన్యప్రాణి సంరక్షణ చేసేవారికి కూడా తక్కువ పన్నే నిలుస్తుంది. ఆహారం, నీరు, ఆశ్రయం కల్పించడం మొదలైన ఏడు విధులలో కనీసం మూడింటిని ఏటా నెరవేర్చాలి. వేటాడి తీరాలన్న నియమం లేదు. ఇది గృహస్థుకు శుభవార్తయే. పన్ను తగ్గుతుందని పైరు వేయడం పాపం కాదు. ప్రతిఫలాపేక్షతో చేసేది గీతాచార్యుని విభాగం ప్రకారం రాజసదానం అవుతుంది, అంతే. రాజసం నుండి సత్త్వానికి ఎక్కవచ్చు. మెట్టు ఎక్కడ ఉందో తెలిసి ఉండాలి.

ఇప్పుడు భక్తులవైపు తిరుగుదాం. మంచె లేదు, తుపాకీ లేదు, పెరట్లో మొక్కజొన్న కుప్ప ఉంది. ఇది నిశ్చయంగా పుణ్యమేనా? జింక నెమరువేసే జంతువు. దాని నాలుగు అరల జఠరంలోని సూక్ష్మజీవులు ఋతువును అనుసరించి మారుతాయి. శీతకాలంలో అవి పుల్లలను, మొగ్గలను జీర్ణం చేయడానికి సిద్ధపడి ఉంటాయి. ఆ సమయంలో హఠాత్తుగా గింజల కుప్ప తింటే కడుపులో ఆమ్లం విపరీతంగా పెరిగి, కడుపు నిండి ఉండగానే జింక మరణించవచ్చు. ఇంతకంటె పెద్ద భయం మరొకటి ఉంది. 1967లో కొలరాడోలో మొదట గమనింపబడిన ‘క్రానిక్ వేస్టింగ్ డిసీజ్’ అనే మెదడు వ్యాధి ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలకు వ్యాపించింది. దీనికి చికిత్స లేదు. లాలాజలం, మలమూత్రాల ద్వారా ఇది సోకుతుంది. దీనికి కారణమైన ప్రియాన్‌లు మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. పది జింకలు ఒకే కుప్పలో మూతులు పెడితే ఆ కుప్ప అన్నపాత్ర కాదు, విషపాత్ర. అందుకే అనేక రాష్ట్రాలు ఇలా మేత పోయడాన్ని నిషేధించాయి లేదా నియంత్రించాయి.

భాగవతం పంచమస్కంధంలోని భరతమహారాజు కథ ఇక్కడ స్మరణీయం. గండకీనదిలో పడిన లేడిపిల్లను ఆయన కాపాడాడు. అది దోషం కాదు. అది నాది అన్న మమతలో నిత్యనియమాలు మరచిపోవడమే ఆయనకు మృగజన్మను తెచ్చింది. కిటికీ నుండి లేడిని చూసే ఆనందం కోసం కుప్ప పోసేవాడు లేడికి కాదు, తన కన్నులకే మేత వేస్తున్నాడు. ఒకవైపు పాండురాజు, మరొకవైపు భరతుడు. ఒకరిని హింస బంధించింది, మరొకరిని మమత బంధించింది.

మరి సాధకుడు ఏమి చేయాలి? సాత్త్వికదానానికి దేశం, కాలం, పాత్రం చూడాలని గీత చెబుతుంది. ఆ మూడింటినే పాటిద్దాం.

దేశం: మడి రహదారికి దూరంగా, పొదల ఆశ్రయానికి దగ్గరగా ఉండాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు జింకలు వాహనాలకు గుద్దుకునే ప్రమాదాలు అధికం. దారి పక్కన పైరు వేయడం మృత్యువు నోట అన్నం పెట్టడమే. కాలం: శీతకాలం మధ్యలో హఠాత్తుగా గింజలు పోయరాదు. శరత్తు ఆరంభంలోనే విత్తితే పచ్చిక క్రమంగా పెరుగుతుంది, జంతువు కడుపు దానికి అలవాటు పడుతుంది. మేత నేలంతా పరచుకుని ఉంటుంది గనుక ఒకే చోట మూతులు చేరవు. పాత్రం: జింక ఒక్కటే కాదు, సమస్త ప్రాణులూ పాత్రములే. ఓక్ చెట్టును కొట్టివేయకుండా దాని గింజలను రాలనివ్వండి. పర్సిమన్, బ్లాక్‌బెర్రీ వంటి స్థానిక వృక్షాలకు, పొదలకు చోటివ్వండి. క్లోవర్ పూలకు తేనెటీగలు వస్తాయి, ఎండిన గడ్డిలో పక్షులు శీతకాలం గడుపుతాయి. ఒక సంవత్సరపు మడి కంటే వందేళ్లు నిలిచే చెట్టు గొప్ప భూతయజ్ఞం. మేతకు సంబంధించి మీ రాష్ట్రపు నియమాలను ముందుగా తెలుసుకోండి, అదీ ధర్మమే.

భూమిని వేటకు లీజుకు ఇవ్వడం విషయంలో నా మాట స్పష్టం. ఆ ప్రాంతంలో జింకలు నిజంగా మితిమీరి, అడవి నశిస్తున్నప్పుడు వాటిని తగ్గించే భారం పొరుగువారిపై, ప్రభుత్వంపై ఉంటుంది. దానిని ద్వేషించనక్కరలేదు. కానీ మీరు అన్నం వడ్డించిన చోట మంచె కట్టనివ్వకండి. పైరు వేసిన నేలలో వేట వద్దని లీజుపత్రంలో వ్రాయించండి. అలా ఒప్పుకోనివారికి భూమి ఇవ్వకపోతే పోయేది కొంత ధనమే.

విత్తనం చల్లే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ అన్నం ఎవరి కోసమని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. వచ్చి తిని, తిరిగి వెళ్లిపోయే ప్రాణి కోసమే అయితే నిస్సంకోచంగా చల్లండి. మీ మడి అంచున మంచె లేకపోతే, మీ కన్నుల్లో మమత లేకపోతే, ఆ పైరు ఏ దేశపు మట్టిలో మొలిచినా భూతయజ్ఞమే.