కిరాయి ఇంట్లో చావు రావొద్దా?

జమ్మికుంటలో కిరాయికి ఇల్లు అడగబోతే ముందు కులం అడుగుతారు. ఆ వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇంట్ల ముసలోళ్లెవరన్న ఉన్నరా?" పెద్దమనిషికి మెట్లెక్కడం కష్టమవుతుందని కాదు, ఆ పెద్దమనిషి ఈ ఇంట్లోనే పోతే ఎట్లా అని. హైదరాబాదులో ఉప్పల్, బోడుప్పల్ గల్లీల్లోనూ ఇదే ఆరా. మాట కొంచెం మెత్తగా ఉంటుంది, అంతే.

కిరాయిదారు చనిపోతే శవాన్ని గడప దాటనివ్వని ఇండ్లు మన దగ్గర కొల్లలు. అంబులెన్సు గేటు బయటే ఆగాలి. సొంతూళ్లో నాలుగు గోడలు మిగిలినవాళ్లు బండిని అటు మళ్లిస్తారు. ఊరి ఇల్లు అమ్ముకుని, పత్తి మిల్లుల్లోనో మార్కెట్‌లో హమాలీగానో బతుకుతున్నవాళ్లకు ఆ దారీ లేదు. రోడ్డు పక్కన టెంటు, దాని కింద కిరాయికి తెచ్చిన ఫ్రీజర్ పెట్టె, ఆ పెట్టె వైరు ఎవరో దయతలచి ఇచ్చిన ప్లగ్గులో. చివరిచూపు అక్కడే. దినాలు అయ్యేదాకా ఇంట్లోకి రావొద్దంటే, తలకొరివి పెట్టిన కొడుకు ఆ గుండుతోనే టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరగాలి.

"ఓనర్లను ఏమంటం? ఎవరి నమ్మకం వాళ్లది. శవం లేచిన ఇంటికి మళ్లెవరొస్తరు?" ఈ మాట ఓనర్ల కంటే కిరాయిదార్లే ఎక్కువ అంటారు. నాకు మండేది అక్కడే.

నమ్మకమైతే అందరికీ ఒకటే ఉండాలి కదా. ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఎవరన్నా పోతే ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలంటారు. సరే, అదే పంచకంలో ఓనరు తండ్రి పోతే? పంతుల్ని పిలిచి శాంతి చేయిస్తారు, మరీ పట్టింపుంటే ఒక గది మూస్తారు. పై వాటా కిరాయి మాత్రం ఒకటో తారీఖున వసూలవుతుంది. దోషానికి విరుగుడు శాస్త్రమే చెప్పినప్పుడు అది కిరాయిదారుకు ఎందుకు పనికిరాదు? ఇది నమ్మకం కాదు, సగం నమ్మకం. తనకు ఖర్చులేని సగమే ఓనరు పట్టుకున్నాడు.

ఇక గిరాకీ పోతుందన్న భయం. చావు జరిగిన ఇంటికి జంకడం మనకొక్కరికే లేదు, జపాన్‌లో అట్లాంటి ఇండ్లకు పేరే ఉంది. అక్కడ కూడా ఒంటరి ముసలివాళ్లకు ఇల్లివ్వడానికి ఓనర్లు వెనకాడతారు. 2021లో అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది: వయసుడిగో జబ్బుచేసో ఇంట్లో పోవడం మామూలు సంగతి, కొత్తగా వచ్చేవాళ్లకు దాన్ని చెప్పాల్సిన పనిలేదు. హత్య, ఆత్మహత్యల్లాంటివి జరిగితే కిరాయి ఇండ్ల విషయంలో సుమారు మూడేండ్లు చెప్పాలి. జనం భయాన్ని వెక్కిరించకుండానే దానికో హద్దు గీశారు.

మన చట్టమూ గుడ్డిది కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారు అంటే ఎవరో చెప్పేచోట, చనిపోయిన కిరాయిదారుతో అదే ఇంట్లో కలిసి ఉన్న భార్యనో భర్తనో, కొడుకునో కూతురునో కూడా కలిపింది. అంటే కిరాయిదారు పోతాడనీ, అతనివాళ్లు ఆ ఇంట్లోనే ఉంటారనీ రాసినవాళ్లకు తెలుసు. ఖాళీ చేయించడానికి ఆ చట్టం చెప్పిన కారణాల్లో చావు లేదు. ఇప్పటి కిరాయిలు చాలామటుకు ఆ చట్టం పరిధి దాటిపోయాయి, నిజమే. కానీ శవానికీ మర్యాద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1995లో పరమానంద్ కటారా కేసులో చెప్పిన మాటకు కిరాయి పరిమితి లేదు.

మున్సిపాలిటీ ఒక కర్మభవనం కట్టిస్తే సరిపోతుందని కొందరి సలహా. కడితే మంచిదే, ఎండలో టెంటు బాధ తప్పుతుంది. కానీ అది కట్టిన మర్నాటి నుంచి ఓనరుకు చెప్పుకోను ఇంకో మాట దొరుకుతుంది: "భవనం ఉన్నది గద, అటు తీస్కపోండ్రి."

కిరాయి అగ్రిమెంటులో గోడకు మేకు కొట్టొద్దని, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు నెల కిరాయి పట్టుకుంటామని రాయించుకుంటారు. కిరాయిదార్లు ఇంకొక్క షరతు అడగాలి: కుటుంబంలో ఎవరన్నా పోతే శవాన్ని ఇంటికి తెచ్చుకుంటాం, దినాలు ఇక్కడే చేసుకుంటాం, శాంతి కావాలంటే దాని ఖర్చు ఇద్దరం చెరిసగం పెట్టుకుంటాం. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందే అడగాలి.